కోళ్ల చుట్టూ కరెంటు వల

తోటల్లో కోళ్లు వదిలి పెంచుకునేవాళ్లు ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. చుట్ట చుట్టి భుజాన వేసుకుని, ఈ వారం ఈ మూల, వచ్చే వారం ఆ మూల పాతుకునే కరెంటు వలలు దొరుకుతున్నాయి కదా, వాటిలో ఏది కొనాలి అని. అమ్మే మనిషి దగ్గరికి వెళితే ఆయన ముందుగా అడిగేది "మీకు ఎన్ని కోళ్లున్నాయండీ?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మొదటిది వేరే ఉంది. మీ కోళ్లని ఏది పట్టుకుపోతోంది? కుక్కా, నక్కా, ముంగిసా, గద్దా? ఆ సంగతి తేలకుండా కొన్న వల ఎంత ఖరీదైనదైనా దండగే. ఎందుకో చెబుతాను.

రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి, ముందు ఆ వల ఎలా ఉంటుందో మాటల్లో చెబుతాను. ప్లాస్టిక్ దారంతో అల్లిన వల అది. అడ్డంగా పోయే దారం ఒకటి పట్టుకుని గోటితో పురి విప్పి చూడండి. ప్లాస్టిక్ పోగుల మధ్య వెంట్రుకంత సన్నటి స్టీలు తీగలు మెరుస్తాయి. కరెంటు పారేది వాటిలోనే. నిలువు దారాల్లో తీగ ఉండదు, ఉత్త ప్లాస్టిక్. అన్నిటికంటే అడుగున, నేలకి ఆనుకుని ఉండే దారంలోనూ తీగ ఉండదు. పెడితే కరెంటంతా నేలలోకే పోతుంది. కింది వరసల్లో కళ్లు చిన్నవి, రెండు మూడంగుళాలు. పైకి పోయేకొద్దీ పెద్దవవుతాయి. మూడు నాలుగు మీటర్లకొకటి చొప్పున ప్లాస్టిక్ గుంజలు వలతోపాటే కలిసి వస్తాయి. ఒక్కో గుంజ అడుగున ఇనప మేకు ఉంటుంది, దాన్ని కాలితో తొక్కి నేలలోకి దించడమే. చుట్ట సాధారణంగా 50 మీటర్లు. ఎత్తు మూడున్నర అడుగులదీ ఉంది, నాలుగడుగులదీ ఉంది. ఇక వలకి ప్రాణం పోసేది ఎనర్జైజర్ అనే పెట్టె. మన బజారులో దాన్నే ఝట్కా మిషన్ అంటున్నారు. అడవిపందుల బాధ పడలేక సోలార్ కంచె వేసుకున్న రైతులకి ఇది కొత్తది కాదు.

ఎంపిక సంగతికి వచ్చేముందు ఒక మాట గట్టిగా చెప్పాలి. వల ఖరీదు, మిషన్ ఖరీదు చూసి, "దీనికింత డబ్బెందుకు, బోరు మోటారు దగ్గర్నుంచి ఒక వైరు లాగి తగిలిస్తే పోలా" అనుకునేవాళ్లు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. పందుల కోసం అలా తీగలు పెట్టి, తెల్లారి ఆ సంగతి మర్చిపోయి తామే తగిలి చనిపోయిన రైతుల వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. నీళ్లు కట్టడానికి వచ్చిన కూలీలు పోయారు, పశువులు పోయాయి, చిత్తూరు వైపు ఏనుగులు పోయాయి. లైను మీద కొక్కెం వేసి కరెంటు తీసుకోవడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం దొంగతనం. మనిషి పోతే కేసు అక్కడితో ఆగదు. చట్టం మాట అటుంచండి. ఇంటి కరెంటు 230 వోల్టులే, ఝట్కా మిషన్ ఇచ్చేది ఏడెనిమిది వేల వోల్టులు. మరి 230 చంపేస్తుంది, ఎనిమిది వేలు ఎందుకు చంపదు? తేడా వోల్టులో లేదు, కరెంటు ఎంతసేపు పారుతుందన్నదాంట్లో ఉంది. లైను కరెంటు ఆగకుండా పారుతుంది. కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న చెయ్యి వదలదు. మిషన్ కరెంటు చెంపమీద కొట్టి వెనక్కి తీసుకున్న చెయ్యి లాంటిది. సెకనులో వెయ్యో వంతు కూడా లేని కాలంలో వచ్చి వెళ్లిపోతుంది. మళ్లీ దెబ్బ పడేలోగా సుమారు ఒక సెకను ఖాళీ. ఆ ఖాళీలోనే కుక్కయినా మనిషైనా వెనక్కి దూకేస్తారు. అందుకే ఈ మిషన్లకి మన దేశంలో ప్రత్యేకంగా ఒక భద్రతా ప్రమాణం ఉంది: ఐఎస్ 302, రెండో భాగం, 76వ సెక్షన్. పెట్టె మీద ఆ అంకె ఉందో లేదో చూడండి. లేకపోతే ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. ఊళ్లో రేడియో మెకానిక్ చేసిచ్చిన పెట్టె అసలే వద్దు.

ఈ విద్య బాగా పెరిగిన చోటు న్యూజిలాండ్. 1930ల్లో హామిల్టన్ దగ్గర బిల్ గలఘర్ అనే రైతు ఉండేవాడు. ఆయన గుర్రం కారుకి ఒళ్లు రుద్దుకునేదట. దాని బాధ పడలేక కారుకి షాకిచ్చే ఏర్పాటు చేశాడని చెప్పుకుంటారు. ఆ ఏర్పాటే పెరిగి పెద్దదై, ఇప్పుడు ప్రపంచమంతా కంచెలమ్మే కంపెనీ అయింది. 1962లో అదే దేశంలో డగ్ ఫిలిప్స్ అనే ఆయన కెపాసిటర్లో కరెంటు నింపి ఒక్కసారిగా వదిలే పద్ధతి తెచ్చాడు. అంతకుముందు కంచెకి నాలుగు గడ్డి పోచలు తగిలితే చాలు, దెబ్బ చచ్చుబడిపోయేది. ఈ పద్ధతి వచ్చాక ఆ బాధ చాలావరకు తీరింది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో జోయెల్ సాలటిన్ అనే ఆయన పాలిఫేస్ అనే పొలంలో ఇలాంటి వలల మధ్య గుడ్ల కోళ్లని పచ్చిక మీద తిప్పుతూ పెంచి పేరు తెచ్చుకున్నాడు. తోటలో వదిలిన కోళ్లకి కరెంటు వల అన్న ఆలోచన మన దాకా వచ్చింది అటువైపు నుంచే. వచ్చింది బాగానే ఉంది గానీ, వాళ్లది పచ్చిక నేల, మనది ఎర్రనేల. ఈ తేడా ఎక్కడ కొడుతుందో ముందు ముందు చెబుతాను.

ఇప్పుడు అసలు సంగతి. ఈ వల ప్రధానంగా కోళ్లని లోపల ఆపడానికి కాదు. చాలామంది అలాగే అనుకుని కొంటారు. కోడి ఒంటి నిండా ఈకలు. పొడి ఈకల్లోంచి కరెంటు పోదు. ముక్కో, నెత్తిమీది తురాయో, గొంతు కింద వేలాడే ఎర్రటి తోలో, కాళ్లో తగిలితేనే దానికి చురుకు తెలుస్తుంది. వేగంగా పరుగెత్తే పెట్ట వలలో దూరితే సగం ఒళ్లు అవతలికి పోయాక గానీ తెలియదు. కొత్తగా పుట్టిన పిల్లలైతే వల కళ్లల్లోంచి ఇటూ అటూ తిరుగుతూనే ఉంటాయి. ఆరు వారాలు నిండి కాస్త ఒళ్లు చేసేదాకా పిల్లల్ని వలని నమ్మి వదలకూడదు. కోళ్లు లోపల ఉండేది మేత అక్కడ ఉండబట్టి, నీళ్లు అక్కడ ఉండబట్టి, గూడు అక్కడ ఉండబట్టి. కొత్తగా తెచ్చిన కోళ్లని రెండు మూడు రోజులు గూట్లోనే ఉంచి ఆ తర్వాత వదిలితే, సాయంత్రానికి వాటంతటవే తిరిగొస్తాయి.

వల అసలు పని బయటివాటిని ఆపడం. వీటిని ఒక్కొక్కటిగా చూద్దాం. ఊరి దగ్గర తోటలకి మొదటి శత్రువు వీధికుక్క. ఒంటరి కుక్క ఒకటి వచ్చి కోడిని పట్టుకుపోతే నష్టం ఒక కోడి. నాలుగు కలిసి పడితే తినడానికి కాదు, ఆటకి చంపుతాయి. పొద్దున చూస్తే తోటంతా ఈకలే. కుక్క మీద ఈ వల చక్కగా పనిచేస్తుంది, ఎందుకంటే కుక్క కొత్త వస్తువుని చూడగానే ముందు మూతి పెట్టి వాసన చూస్తుంది. ఆ మూతి తడిగా ఉంటుంది. ఒక్క దెబ్బ చాలు, కుయ్యోమని పరుగు. ఆ కుక్క మళ్లీ ఆ వలకి రెండు గజాల దూరంలోకి రాదు. నక్కా అంతే, అడవిపిల్లీ దాదాపు అంతే. పునుగుపిల్లి చెట్లమీద తిరిగే జంతువు. చెట్టుకొమ్మ వల మీదుగా వాలి ఉంటే వలతో దానికి పనేలేదు, కొమ్మ పట్టుకుని దిగుతుంది. ముంగిస సన్నది, చిన్న కళ్లలోంచి కూడా దూరగలదు. అయితే ముందు అదీ మూతే పెడుతుంది కాబట్టి కింది రెండు తీగలు గట్టిగా కొట్టేటట్టుంటే వెనక్కి పోతుంది. అక్కడ వల వదులుగా వేలాడితే మాత్రం దారి దొరికినట్టే. పాముకి, గద్దకి, డేగకి, కాకికి ఈ వల అడ్డం కాదు. ఆకాశంలోంచి వచ్చేదాన్ని ఆపాలంటే చెట్ల గుబురు నీడ కావాలి, పిల్లల మీద గంప బోర్లించాలి. ఇది మన అమ్మమ్మలు చేసిందే.

మీ శత్రువు గద్దే అయితే ఇక్కడే రేడియో కట్టేసినా నేనేమీ అనుకోను. కుక్క, నక్క అయితే వినండి.

ఎత్తు సంగతి. అమ్మేవాళ్లు ఎత్తు ఎక్కువదే అంటగట్టాలని చూస్తారు. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చిన వనరాజ లాంటి బరువైన కోళ్లకి మూడున్నర అడుగులు చాలు. అవి ఎగరాలన్నా ఎగరలేవు. గ్రామప్రియ అంతకంటే తేలిక, కాస్త చురుకు. నాటు పెట్టలు, అసీల్ పుంజులు అయితే నాలుగడుగులు కూడా లెక్కచేయవు, గోడ మీదికే ఎగురుతాయి. అలాంటివాటికి ఒక వైపు రెక్క చివరి పెద్ద ఈకలు పది, కత్తెరతో కత్తిరించాలి. ఒక్క వైపే. రెండు వైపులా కత్తిరిస్తే మళ్లీ తూకం కుదిరి కొంచెం ఎగురుతాయి. కొత్త ఈకలు వచ్చినప్పుడు, లోపల నెత్తురున్న పచ్చి ఈకని కత్తిరించకూడదు. జాతి పుంజు యజమానికి రెక్క కత్తిరించమని చెబితే కొడతాడనుకోండి, ఆయన సంగతి వేరు. ఇంకొకటి, వల పక్కనే గూడు పెట్టకండి. గూడు పైకప్పు, మామిడి కింది కొమ్మ, బోర్లించిన తొట్టి, ఇవన్నీ కోడికి మెట్లే. రెండు మీటర్లయినా ఎడం ఉండాలి.

పొడవు సంగతిలో ఒక చిన్న లెక్క ఉంది, డబ్బు మిగిల్చే లెక్క. 50 మీటర్ల వల ఒకటి నలుచదరంగా పాతితే లోపల దొరికే చోటు సుమారు 156 చదరపు మీటర్లు. రెండు వలలు కలిపి 100 మీటర్లు పాతితే దొరికేది రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, 625 చదరపు మీటర్లు. అందుకే ఒక వలతో ఇరుకుగా మొదలుపెట్టడం కంటే రెండు వలలతో మొదలుపెట్టడం మేలు. యూరప్‌లో ఆరుబయట పెంచిన కోళ్ల గుడ్లు అని ముద్ర వేసుకోవాలంటే కోడికి కనీసం 4 చదరపు మీటర్లు ఉండాలని నియమం. మన ఎండల్లో, పచ్చిక తక్కువగా ఉండే నేలలో నేనైతే ఆరు దాకా ఇస్తాను. అంటే రెండు వలల్లో ఒక వంద కోళ్లు. అది కూడా వారం పది రోజులకోసారి చోటు మారుస్తుంటేనే. మార్చకపోతే ఎంత చోటున్నా గడ్డి పోయి, గుంటలు పడి, నేలంతా రెట్టతో కంపు కొడుతుంది. చోటు మార్చే ఉద్దేశం లేనప్పుడు ఈ మోసే వల కొనడమెందుకు, చైన్‌లింక్ కంచె వేసుకోవచ్చు.

ఇప్పుడు మిషన్. ఇక్కడే మోసపోయేది. పెట్టె మీద పెద్దక్షరాల్లో 12,000 వోల్టులు అని, ఇన్ని ఎకరాలకి సరిపోతుంది అని వేస్తారు. ఖాళీగా, ఏమీ తగిలించకుండా కొలిచిన వోల్టులతో మనకి పనిలేదు. మీరు అడగాల్సింది జౌల్ ఎంత అని, అంటే ఒక్కో దెబ్బలో ఉండే శక్తి ఎంత అని. అది కూడా లోపల నింపుకునే జౌలా, బయటికి వదిలే జౌలా అని అడగండి. వదిలేది ఎప్పుడూ తక్కువే. 50 మీటర్ల శుభ్రమైన వలకి సుమారు పావు జౌల్ చాలు. మీకు రెండు వలలుంటే అర జౌల్ అన్నమాట. కానీ ఆగస్టులో గరిక, తుంగ, వయ్యారిభామ కలిసి వలని కౌగిలించుకున్నప్పుడు ఆ అర జౌల్ గడ్డికే పోతుంది. రెండు వలలకి ఒక జౌల్ మిషన్ తీసుకోండి. డబ్బు చాలకపోతే వల ఎత్తులో తగ్గించుకోండి గానీ మిషన్లో తగ్గించుకోవద్దు. కరెంటు సరిగ్గా లేని నాలుగడుగుల వల కుక్కకి దారిలో అడ్డొచ్చిన ప్లాస్టిక్ దారం, అంతే.

సోలార్ కావాలంటే బ్యాటరీ లెక్క మీరే వేసుకోవచ్చు. ఒక జౌల్ మిషన్ సెకనుకి ఒక దెబ్బ కొడితే ఒక వాట్. మిషన్ లోపల పోయేది కూడా కలిపి రెండు వాట్లు అనుకుందాం. రోజుకి 24 గంటలు, అంటే 48 వాట్-గంటలు. మోటారు సైకిల్లో పెట్టేంత, 12 వోల్టులు 7 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉండేది 84. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే తొందరగా పాడవుతుంది కాబట్టి వాడుకునేది 42. అంటే మబ్బు పట్టిన ఒక్క రోజు కూడా గట్టెక్కదు. మూడు రోజులు ముసురు పట్టినా నిలవాలంటే 24, 26 ఆంపియర్-గంటల బ్యాటరీ కావాలి. 20 వాట్ల పలక ఎండాకాలంలో సరిపోతుంది. వానాకాలానికి 40 వాట్లు ఉంటే నిశ్చింత. పలకని గూడు పైన బిగించి, బ్యాటరీని గూట్లో తాళం వేసి పెట్టుకోండి. కోళ్లని దొంగిలించే మనుషులకి ఈ వల గురించి తెలియకపోవచ్చు గానీ సోలార్ పలక ఖరీదు బాగానే తెలుసు.

పచ్చిక నేలకీ మన నేలకీ తేడా చెబుతానన్నాను. కరెంటు చుట్టూ తిరిగొస్తేనే దెబ్బ. మిషన్లోంచి వల తీగలోకి, తీగలోంచి కుక్క మూతిలోకి, మూతిలోంచి నాలుగు కాళ్లలోకి, కాళ్ల నుంచి నేలలోకి, నేలలోంచి ఎర్తింగ్ కడ్డీ ద్వారా మళ్లీ మిషన్లోకి. ఇందులో ఎక్కడ తెగినా దెబ్బ లేదు. న్యూజిలాండ్ పచ్చిక ఏడాదిలో ఎక్కువ కాలం చెమ్మగా ఉంటుంది. అనంతపురం, మహబూబ్‌నగర్ ఎర్రనేల ఏప్రిల్‌లో ఎండి గుల్లయి ఉంటుంది. ఎండు నేలలో కరెంటు నడవదు. మిషన్ టిక్కుటిక్కుమంటూనే ఉంటుంది, దీపం వెలుగుతూనే ఉంటుంది, కుక్క మాత్రం వల తోసుకుని లోపలికి వస్తుంది. మిషన్ పాడైందని తిరిగి తీసుకెళ్లేవాళ్లలో చాలామందికి పాడైంది మిషన్ కాదు, ఎర్తింగ్.

కాబట్టి ఎర్తింగ్‌కి ఖర్చు పెట్టండి. జింకు పూత వేసిన ఇనప కడ్డీలు, ఒక్కోటి మీటరు పొడవు, మూడు తీసుకోండి. మూడు మీటర్ల ఎడంతో దిగగొట్టి, ఒకే తీగతో కలపండి. కడ్డీ ఇనపదై తీగ రాగిదైతే రెండూ కలిసిన చోట తుప్పు తింటుంది, ఒకే లోహం వాడండి. చోటు ఎంచుకోవడంలోనే ఉంది తెలివంతా. చెమ్మ ఎప్పుడూ ఉండే చోటు చూడాలి: డ్రిప్పు కారే చోటు, నీళ్ల తొట్టి కడిగి పారబోసే చోటు. ఇంటి ఎర్తింగ్‌కి, బోరు స్టార్టర్ ఎర్తింగ్‌కి కలపనే కూడదు, కనీసం పది మీటర్లయినా దూరం ఉండాలి.

ఎర్తింగ్ బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది, కాగితం దగ్గరుంటే రాసుకోండి. ముందు మిషన్ ఆపండి. వలకి దూరపు కొసన రెండు మూడు ఇనప కడ్డీలు నేలలో గుచ్చి, కరెంటు తీగలకి ఆనించండి. అంటే కావాలనే వలని నేలకి కలుపుతున్నామన్నమాట. ఇప్పుడు మిషన్ వేసి, కంచె వోల్టులు కొలిచే టెస్టర్ వల మీద పెడితే 2,000 వోల్టుల కంటే తక్కువ చూపించాలి. చూపించకపోతే ఇంకో కడ్డీ ఆనించండి. ఆ తర్వాత ఎర్తింగ్ కడ్డీల దగ్గరికి వెళ్లండి. టెస్టర్ కాలు ఒక మీటరు అవతల నేలలో గుచ్చి, ముల్లుని ఎర్తింగ్ కడ్డీకి ఆనించండి. 300 వోల్టులు దాటకపోతే మీ ఎర్తింగ్ మంచిదే. దాటితే కడ్డీలు చాలవు, ఇంకొకటి దిగగొట్టండి. చెమ్మ నేలలో మూడు చాలు. ఎర్రనేలలో ఐదారు దాకా పోవాల్సి రావచ్చు.

ఎన్ని కడ్డీలు వేసినా దారికి రాని నేలలకి ఇంకో రకం వల ఉంది, ప్లస్-మైనస్ వల. మామూలు వలలో తీగలన్నీ కరెంటువే. ఇందులో ఒక తీగ కరెంటు, దాని పక్కది ఎర్తు, మళ్లీ కరెంటు, మళ్లీ ఎర్తు. జంతువు రెంటినీ ఒకేసారి తాకితే నేలతో పనిలేకుండా దెబ్బ పడుతుంది. ఖరీదు కొంచెం ఎక్కువ. రాయలసీమలో, దక్షిణ తెలంగాణలో, గులకరాళ్ల నేలల్లో అయితే నేను దాన్నే తీసుకోమంటాను. గోదావరి జిల్లాల కొబ్బరితోటలకి అక్కరలేదు, అక్కడ మామూలు వలే హాయిగా కొడుతుంది. ఇలాంటి నేలల్లోనే ఇంకో చిక్కు కూడా ఉంది, మేకు దిగదు. జంట మేకులున్న గుంజలు మెత్తటి నేలకి బాగుంటాయి, నిటారుగా నిలబడతాయి. గట్టినేలకి ఒంటి మేకుదే తీసుకోండి. గడ్డపారతో చిన్న బొక్క పెట్టి అందులో దించండి. సుత్తితో గుంజ నెత్తిమీద కొడితే ప్లాస్టిక్ చీలిపోతుంది.

డబ్బు మిగులుతుందని టెస్టర్ మానేయకండి. అంకెలు చూపించేదే కొనండి. రోజూ సాయంత్రం కోళ్లు గూట్లోకి వెళ్లాక, వల దూరపు కొసన ఒకసారి పెట్టి చూడండి. 5,000 పైన ఉంటే బాగున్నట్టు. 3,000 కంటే దిగితే కుక్క లెక్కచేయదు. గడ్డి ఎక్కడో తగిలింది, లేదా తీగ ఎక్కడో తెగింది. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వల వెంబడి నడిస్తే, తగిలిన చోట చిటచిటమని వినిపిస్తుంది.

వల పాతేముందు దాని దారి వెంట జానెడు వెడల్పున గడ్డి నేలమట్టంగా కోసెయ్యండి. మూలల్లో గుంజలకి బయటివైపు ఒక తాడు లాగి కట్టాలి, లేకపోతే లోపలికి వాలి వల జారిపోతుంది. జారిన వల ఒక్క కరెంటు పోగొట్టడమే కాదు, ప్రాణాలు తీస్తుంది. కొమ్ములున్న మేకలు తోటలో ఉంటే ఈ వల దగ్గరికి రానివ్వకండి. కొమ్ము ఇరుక్కుని గింజుకుంటే సెకనుకోసారి దెబ్బ పడుతూనే ఉంటుంది. ఉడుము కూడా అంతే. నేలబారుగా నడుస్తూ వచ్చి కింది తీగకి తగిలి, వెనక్కి పోవడం చేతగాక అక్కడే ప్రాణం వదులుతుంది. ఉడుము వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువు. దక్షిణాఫ్రికాలో కరెంటు కంచెల కింద అలుగులు, తాబేళ్లు ఇలాగే చనిపోతుంటాయి. పొద్దునే వల చుట్టూ ఒకసారి తిరిగి చూసుకోవడం కోళ్లకి మేత వేయడంతో సమానమైన పని.

ఇంట్లో పసిపిల్లలుంటే సంగతి వేరు. నడిచే పిల్లవాడు ఒకసారి తాకి ఏడుస్తాడు, మళ్లీ తాకడు. పాకే పిల్ల తల వలలో ఇరికితే అది ప్రమాదం. అలాంటి ఇల్లయితే కరెంటు వల పెరట్లోకి తేవద్దు. గుండెకి పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్లు డాక్టరుని అడగకుండా దగ్గరికి పోకూడదు. జనం నడిచే దారి పక్కన వేస్తే హెచ్చరిక బోర్డు కట్టండి, తెలుగులోనే రాయండి. ఒక వలకి రెండు మిషన్లు తగిలించకూడదు. ముళ్లతీగకి ఈ కరెంటు ఇవ్వకూడదు. ఉరుములు మొదలైతే మిషన్ని వల నుంచి విడదీయాలి.

ఇంతా చెప్పాక, ఇది ఎవరికి అక్కర్లేదో కూడా చెప్పాలి. పెరట్లో అయిదారు పెట్టలు తిరిగే ఇంటికి ఇది ఎందుకూ కొరగాదు. రాత్రికి గట్టి గూడు, పగలు ఒక కన్ను చాలు. రాత్రి గూటి తలుపు వెయ్యడం మాత్రం వల ఉన్నవాళ్లకీ తప్పదు. పాముకి వల అడ్డం కాదని చెప్పుకున్నాం కదా, గుడ్లగూబకీ అంతే. దీని అసలు సుఖం యాభై, వంద కోళ్లని మామిడి చెట్ల మధ్య వరసవారీగా తిప్పేవాళ్లకి. రాలిన కాయల్లో పండు ఈగ పురుగులుంటాయి, కోళ్లు అవి ఏరుకు తింటాయి, రెట్ట చెట్ల మొదట్లో పడుతుంది. మందు కొట్టిన వరసల్లోకి పోకుండా ఆపడం కూడా వలతో అయ్యే పని. మందు కొట్టిన చెట్ల కింద కోళ్లని వదిలితే పురుగులతోపాటు మందూ గుడ్డులోకి వస్తుంది.

చివరగా, వల తీసేటప్పుడు. దాన్ని నేలమీద ఈడ్చుకుపోవద్దు. ఈడిస్తే పుల్లలు, ముళ్లు చిక్కుకుని తీగలు తెగుతాయి. మొదటి గుంజ పీకి ఎడమ చేత్తో పట్టుకుని, రెండోదాని దగ్గరికి నడిచి అదీ పీకి దాని పక్కన చేర్చండి. మధ్యలో వల మడతలుగా వేలాడుతుంది. అలా చివరిదాకా పోయి, గుంజలన్నీ కలిపి ఒక చోట తాడుతో కట్టండి. తర్వాత పాతేటప్పుడు ఒక్కో మడత దానంతటదే విడుతుంది. కట్టిన వలని గోదాంలో నేలమీద పడెయ్యొద్దు. ఎలుకలు ప్లాస్టిక్ దారం కొరుకుతాయి, లోపలి తీగా తెగుతుంది. దూలానికి వేలాడదీయండి.